జోడుబొమ్మల అద్దం

ఈమధ్య ఒక పెళ్ళికని బెజవాడ వెళ్ళాను. భోజనాలయ్యాక స్టేషన్‌కి వస్తే, రైలు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. ఎండలో ప్లాట్‌ఫాం మీద కూర్చునే ఓపిక లేదు. రోడ్డు దాటి ఒక కాఫీ హోటల్లోకి వెళ్ళాను. పాతకాలపు ఇల్లులా కనిపించాలని కాబోలు, గోడలనిండా పాత సామాన్లు పెట్టారు. బాకా ఉన్న గ్రామఫోను, ఇత్తడి కూజా, తాళం పడని పెట్టె. వాటి మధ్య, నా తల ఎత్తున, చెక్క పిడితో ఒక వస్తువు కనిపించింది. రెండు గుండ్రటి అద్దాలు, ముఖానికి ఆనించుకోవడానికి డొప్ప, ముందుకు చాచిన ఒక కర్ర, ఆ కర్ర మీద జరిగే అడ్డుచెక్క.

లేచి వెళ్ళి తియ్యబోయాను. కదల్లేదు.

"అది చూడ్డానికి కాదు మేడమ్, డెకరేషన్. స్క్రూలు బిగించారు" అన్నాడు కాఫీ తెచ్చిన కుర్రాడు.

అయినా మెడ వంచి అందులోకి చూశాను. బొమ్మలేవీ లేవు. ఎదురుగా గోడ, దాని మీద ఒక కరెంటు స్విచ్చి. మెడ పట్టేసింది. వచ్చి కూర్చుని కాఫీ తాగాను, చల్లారిపోయింది. రైలు సాయంత్రం దాకా రాలేదు. అంతసేపూ నాకు మా మామిడికాయల షెడ్డే గుర్తొస్తూ ఉంది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మాది నూజివీడు. నాన్న ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటల కాపు కొనేవాడు. పూత మీద ఉండగానే రైతుతో బేరం కుదుర్చుకోవడం, కాయ దిగేదాకా ఆకాశంవైపు చూస్తూ బతకడం, అదీ మా వ్యాపారం. ఇంటి వెనక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. వేసవి వచ్చిందంటే మేము ఇంట్లో కంటే ఆ షెడ్డులోనే ఎక్కువ ఉండేవాళ్ళం. ఒక మూల వరిగడ్డిలో మాగుతున్న చిన్నరసాల వాసన, ఇంకో మూల అప్పుడే దించిన కాయల జీడి వాసన. తొడిమ దగ్గర కారే ఆ జీడి ఒంటికి తగిలితే తోలు ఊడొచ్చేది. మా చేతులమీద ఎప్పుడూ నల్లటి మచ్చలుండేవి. రోజూ పప్పులో మామిడికాయే, పెరుగన్నంలో మామిడిపండే. వేసవి చివరికి నోరంతా పూసిపోయి, అన్నం చూస్తే ఏడుపొచ్చేది.

అంతకు రెండేళ్ళ ముందు నాకు తట్టు పోసింది. జ్వరం తగ్గి లేచేసరికి ఎడమకన్ను ముక్కువైపు తిరిగిపోయింది. మొదట్లో అలిసిపోయినప్పుడే తిరిగేది. తరవాత తరవాత అలాగే ఉండిపోయింది. బళ్ళో పిల్లలు నా పేరు మర్చిపోయారు. మెల్లకన్ను అంటే పలికేదాన్ని.

ఇంట్లో అది ఎవరికీ పెద్ద విషయం కాదు. ఎందుకంటే మా అత్తకి, అంటే నాన్నవాళ్ళ అక్కకి, పుట్టుకతోనే మెల్లకన్ను. ఆవిడ మా ఇంట్లోనే ఉండేది. "మెల్లకన్ను అదృష్టమే. దాని కన్ను పడ్డాకే నా కొడుకు వ్యాపారం నిలబడింది" అనేది మా నానమ్మ. ఏటా మొదటి కోత కోశాక మొదటి గంప తెచ్చి అత్త ముందు పెట్టాలి. ఆవిడ చూశాకే మిగతా కాయలు లారీ ఎక్కాలి. అత్త ఆ గంపవైపు చూసీ చూడనట్టు చూసి, "ఊఁ, ఎత్తండి" అనేది. మా అత్తకి తెల్లారింది మొదలు పనే, కాయలు ఏరడం, గడ్డి పరచడం, కూలీలకి మజ్జిగ కలపడం, మధ్యాహ్నం తాండ్ర చాపలు తిరగెయ్యడం. ఆవిడ కూర్చుని ఉండగా నేను చూసింది తక్కువ. కూర్చున్నా ఒళ్ళో ఏదో ఒక పని ఉండేది.

ఆ ఏడు అమ్మ పురిటికి చాట్రాయి, పుట్టింటికి వెళ్ళింది. నన్ను అత్తకి అప్పజెప్పింది. ఒకరోజు నేను తాండ్ర చాప అంచులు గిల్లి తింటూ దొరికిపోయాను. అత్త తిట్టలేదు. నా గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పి చాలాసేపు చూసింది.

"అమ్మా, దీన్ని బెజవాడ తీసుకెళ్తాను. కళ్ళ డాక్టరుకి చూపిస్తాను" అంది.

నానమ్మ మాగిన కాయలు ఏరుతోంది. "దేనికే? అదృష్టాన్ని డాక్టరు చేత తీయించుకుంటావా?" అంది.

"నా అదృష్టం చాల్లేమ్మా ఈ ఇంటికి. దానికొద్దు."

మర్నాడు పొద్దున్నే ఎర్రబస్సెక్కాం. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది అత్త. ఆగిరిపల్లి దాటాక అడిగాను, "అత్తా, నీ కన్ను నిజంగా అదృష్టమేనా?" అని.

"పుట్టింట్లో అదృష్టమే. అత్తారింట్లో గేదెదూడ చచ్చిపోతే నా కన్ను తగిలిందన్నారు. తరవాత మామగారికి జబ్బు చేస్తే అదీ నా కన్నే అన్నారు. పండక్కని ఇక్కడికి పంపించి మళ్ళీ పిలవలేదు. అక్కడా ఇక్కడా అదే కన్ను" అంది. తర్వాత కొంగు తలమీదికి లాక్కుని నిద్రపోయింది. తన అత్తారింటి సంగతి ఆవిడ నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

డాక్టరుగారు పెద్దాయన. మేడ మీద ఆస్పత్రి, కింద ఆయన ఇల్లు. నా కళ్ళల్లో చుక్కలు వేసి, లైటు వేసి చూసి, రకరకాల అద్దాలు మార్చారు. "పుట్టుకతో వచ్చింది కాదు కాబట్టి ఆశ ఉందమ్మా" అన్నారు అత్తతో. "ఈ కన్ను పనిచెయ్యడం మానుకుంటోంది. అన్ని పనులూ రెండోది చేస్తోంటే ఇది బద్ధకించింది. కళ్ళజోడు రాస్తాను. బాగున్న కన్నుకి గుడ్డ కట్టి దీన్నే వాడించాలి. రెండు కళ్ళూ కలిపి చూసే అభ్యాసం చేయించాలి. రోజూ ఇక్కడికి తేగలరా?"

"సీజనండీ. రోజూ అంటే కుదరదండీ."

ఆయన ఆలోచించి, కిందికి కబురుపెట్టి ఒక అట్టపెట్టె తెప్పించారు. అందులోంచి తీశారు ఆ చెక్క వస్తువుని. "స్టీరియోస్కోపు అంటారు. మా నాన్నగారు మద్రాసులో కొన్నారు. పూర్వం దొరల ఇళ్ళల్లో దీంట్లో ఫోటోలు చూసుకునేవాళ్ళు. ఇప్పుడెవరు చూస్తున్నారు, టీవీలొచ్చాక" అన్నారు. దాని కర్రమీద ఒక అట్టముక్క నిలబెట్టి నాకిచ్చారు. అట్ట మీద ఎడమపక్క పచ్చటి చిలక, కుడిపక్క ఖాళీ పంజరం, చేత్తో వేసిన బొమ్మలు. "రెండు కళ్ళతో చూడు. చిలక పంజరంలోకి వెళ్ళాలి. ఏం కనిపిస్తోంది?"

"పంజరమండీ."

"చిలక?"

చిలక లేదు. కుడికన్ను మూస్తే చిలక వచ్చింది, పంజరం పోయింది.

"ఇదే చేయించాల్సింది. ఎప్పుడు చిలక పంజరంలో కూర్చుంటే అప్పుడు రెండు కళ్ళూ కలిసినట్టు" అన్నారాయన. ఆ తర్వాత ఇంకో అట్ట తీశారు. దాని మీద ఒకేలాంటి రెండు ఫోటోలు పక్కపక్కనే ఉన్నాయి. ఎక్కడిదో పెద్ద జలపాతం, పక్కన రాతిమీద టోపీ పెట్టుకున్న మనిషి. దాన్ని కర్రమీద పెట్టి అత్తకిచ్చారు. "చూడండమ్మా, ఎలా ఉంది?"

అత్త చూసింది. "జలపాతం ఫోటో అండి. బానే ఉంది."

"లోతుగా, నిజంగా ఎదురుగా ఉన్నట్టు..."

"ఫోటోలో లోతేముంటుందండీ?"

ఆయన ఆ జోడుబొమ్మల అద్దం ఆవిడ చేతిలోంచి తీసుకుని, ఆవిడ కళ్ళలోకి కాస్త వంగి చూశారు. "మీకు చిన్నప్పటినుంచీనా?"

"పుట్టినప్పట్నుంచీనండి."

"మీకిప్పుడు..." అని ఆగారాయన.

"నా సంగతి వదిలెయ్యండి. ఈ అభ్యాసం ఎంతసేపు చేయించాలో చెప్పండి" అంది అత్త.

"వేసవంతా వదలకుండా చేయించండి. వచ్చే ఏడు చూద్దామనుకోకండి. ఇంకో ఏడు పోతే నేనైనా ఏం చెయ్యలేను." ఆ పెట్టె, అందులోని అట్టలన్నీ మాకిచ్చేశారు, కాయలైపోయాక తిరిగిమ్మని.

అప్పట్నుంచీ నా బతుకు ఆ చిలకతోనే. అత్త నల్లటి జాకెట్టు గుడ్డ కత్తిరించి, దూది కుట్టి, కళ్ళజోడు కింద కుడికంటికి కట్టేది. మిగిలిన ఆ మసకకంటితోనే పప్పులో రాళ్ళు ఏరమనేది, పూలు గుచ్చమనేది. సూది వేళ్ళలో దిగేది. మధ్యాహ్నం గుడ్డ విప్పి అద్దం చేతికిచ్చేది. షెడ్డులో గడ్డికుప్ప మీద కూర్చుని అందులోకి చూస్తూ ఉండాలి. పైన రేకులు కాలిపోతుంటే, డొప్ప ఆనిన చోట ముఖమంతా చెమట. అత్త కాయలు ఏరుతూనే అడిగేది.

"వెళ్ళిందా?"

"లేదు."

"అడ్డుచెక్క కొంచెం దగ్గరికి జరుపు."

జరిపేదాన్ని.

"ఇప్పుడో?"

"పంజరమే ఉంది."

"కానీ, చూడు. చూస్తూ ఉండు."

తలనొప్పి వచ్చేది. ఏడ్చేదాన్ని. అత్త ఊరుకోబెట్టేది కాదు, ఏడుపయ్యేదాకా ఆగి మళ్ళీ చేతికిచ్చేది. నానమ్మ పక్కనుంచి, "దుర్భిణీలో చిలకేంటే, చెట్టుమీద బోల్డున్నాయి, కాయలన్నీ కొట్టేస్తున్నాయి" అని సణిగేది.

ఒకరోజు కాయలు ఏరే కూలీల్లో ఒకావిడ, ఆగిరిపల్లి మనిషి, అన్నం తిని వచ్చి నా పక్కన కూర్చుంది. "ఏదీ పాపా, నన్నూ చూడనీ" అంది. చిలక బొమ్మ ఏం చూస్తుందిలే అని జలపాతం అట్ట పెట్టి ఇచ్చాను. ఆవిడ అలా ముఖానికి ఆనించుకుందో లేదో, "అమ్మ బాబోయ్!" అని వెనక్కి జరిగింది. చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుంది, నీళ్ళు మీద పడతాయేమో అన్నట్టు. "ఓరి నాయనో, ఎంత లోతుందే! ఈయన పడిపోతాడే, ఆ రాతిమీద అంత చివర నించున్నాడేంటి?" మిగతా కూలీలందరూ చుట్టూ మూగారు. ఒకరి తరవాత ఒకరు చూడ్డం, అరవడం, నవ్వడం. చెయ్యి చాపి గాల్లో నీళ్ళని తడమబోయిందొకావిడ.

నేను దాన్ని లాక్కుని చూశాను. టోపీ పెట్టుకున్న మనిషి కాగితం మీద అతికించినట్టు ఉన్నాడు. వాళ్ళందరికీ ఇందులో ఏదో ఉంది, నాకు లేదు. నాకంతదాకా నా కన్ను వంకర అన్న బాధే గానీ, దాని వల్ల నాకు ఏదో కనిపించడంలేదన్న సంగతి తెలీదు. తల తిప్పి అత్త కోసం చూశాను. ఆవిడ గంప ముందు కూర్చుని కూలీల ముఖాలే చూస్తోంది. చేతిలో కాయ చేతిలోనే ఉంది.

తరవాత గాలివాన వచ్చింది. బంగినపల్లి కోతకి వస్తున్న రోజుల్లో, మిట్టమధ్యాహ్నం చీకటి పడి, గంటసేపు విరుచుకుపడింది. నాన్న తోటనుంచి తిరిగొచ్చినప్పుడు మోకాళ్ళదాకా బురద. అరుగు మీద కూర్చుని, "చెట్లమీద ఏం లేదక్కా, అంతా కిందే ఉంది" అన్నాడు.

రాలిన కాయ నిలవుండదు. పచ్చళ్ళకి, ఒరుగులకి అయినకాడికి అమ్ముకోవాలి. ఇంటిల్లిపాదీ, కూలీలూ కత్తిపీటల ముందు కూర్చున్నాం. కొయ్యడం, ఉప్పు కలపడం, డాబా మీద ఎండబెట్టడం. పులుపుకి పళ్ళు జివ్వుమనేవి, ఉప్పుకి వేళ్ళ సందులు చీరుకుపోయేవి. షెడ్డులో అడుగు పెడితే కుళ్ళిన కాయల వాసన, ఈగలు. డాక్టరు మళ్ళీ తీసుకురమ్మన్న రోజు దగ్గరపడింది. అత్త ఆ మాట ఎత్తేసరికి నాన్న కోప్పడ్డాడు. ఎప్పుడూ అక్క మీద గొంతెత్తని మనిషి.

"ఇప్పుడు బెజవాడలేంటక్కా? ఇల్లు మునిగిపోతుంటే కన్నంటావేంటి? వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడు కుదరదన్నారు డాక్టరుగారు."

"కుదరకపోతే ఏమైంది? నీకుంది కదా, నువ్వు బతకట్లేదా?"

అందరం కత్తిపీటలు ఆపేశాం. నాన్నకి కూడా ఆ మాట అన్నాక అర్థమైనట్టుంది. తల దించుకున్నాడు.

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది. "బతుకుతున్నాను కాబట్టే చెప్తున్నాన్రా" అంది నెమ్మదిగా. "చెట్టు వచ్చే ఏడు మళ్ళీ కాస్తుంది."

మర్నాడు రాలుకాయల లారీ బెజవాడ వెళ్తుంటే, డ్రైవరు పక్కన మేమిద్దరం కూర్చున్నాం. నాన్నే డ్రైవరుకి చెప్పి ఎక్కించాడు. డాక్టరు చూసి, కన్ను కొంచెం దారికొస్తోంది, చిలక సంగతి మాత్రం వదలొద్దన్నారు. తిరుగుబస్సులో అత్త నా తల ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ ఒళ్ళంతా ఉప్పూ పులుపూ వాసన.

చిలక వచ్చిన రోజు నేను దానికోసం చూడటంలేదు. డాబామీద ఒరుగులకి కాపలా కూర్చుని, కాకుల్ని తోలి తోలి విసుగెత్తి, పిట్టగోడ నీడలో చేరగిలబడి, ఊరికే అద్దం ముఖానికి పెట్టుకున్నాను. పంజరం ఉంది. దాని పక్కన పచ్చగా ఏదో కదిలింది. ఊపిరి బిగబట్టాను. పచ్చటి మరక అటూ ఇటూ ఊగి, జారి, కమ్మీల మధ్యకి వచ్చి నిలబడింది. ముక్కు, కన్ను, తోక, అన్నీ ఉన్నాయి. మళ్ళీ చెదిరిపోయింది. మళ్ళీ వచ్చింది.

"అత్తా! వెళ్ళింది! లోపలికెళ్ళింది!"

కింద కత్తిపీట ముందునుంచి లేచి, మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చింది అత్త. చేతులనిండా ఉప్పు. ముట్టుకోకుండా నా ముందు చతికిలబడింది. "నిజం చెప్పు. తోక ఎక్కడుంది?"

"పంజరంలోనే. కొంచెం కమ్మీలమీదికి వచ్చింది."

"ఇప్పుడుందా?"

"ఉంది... పోయింది... వచ్చింది."

ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని, పెట్టెలోంచి జలపాతం అట్ట తీసి కర్రమీద నిలబెట్టింది. మొదట అదే పాత ఫోటో. తరవాత, ఎవరో వెనకనుంచి తెర లాగినట్టు, నీళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. రాయి ముందుకొచ్చింది. టోపీ మనిషి దానిమీద ఒంటరిగా నిలబడ్డాడు. ఆయనకీ నీళ్ళకీ మధ్య గాలి ఉంది. ఆ గాలిని చూశాను నేను. నాకు భయమేసింది.

"చెప్పవే" అంది అత్త. "ఏం కనిపిస్తోందో చెప్పు."

చెప్పాను. అట్ట తరవాత అట్ట మార్చింది. మంచుకొండలు, వంతెన, గుర్రబ్బండి, బల్లమీద పళ్ళబుట్ట. ఏది ముందుంది, ఏది వెనకుంది, ఎంత వెనక, అన్నీ అడిగింది. "బుట్టలో పళ్ళు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయా?", "గుర్రం మూతి బయటికొచ్చిందా?" ఒరుగులమీద కాకులు వాలాయి. ఆవిడ తోలలేదు. అన్నీ అయ్యాక, "ఏదీ" అని తనూ తీసుకుని చాలాసేపు చూసింది.

"అవునే" అంది. "ఎంత లోతుగా ఉందో."

నేను సంతోషం పట్టలేక కిందికి పరిగెత్తి, "నాన్నా, నాకు చిలక వచ్చింది! అత్తకి కూడా అన్నీ కనిపిస్తున్నాయి!" అని అరిచాను. నాన్న తల ఎత్తి మెట్లవైపు చూశాడు. అత్త దిగి వస్తోంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాన్న లేచి, ఆవిడ కత్తిపీట ముందు తను కూర్చుని కాయలు కొయ్యడం మొదలుపెట్టాడు. నాన్న కత్తిపీట ముందు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారంలోనే తోటకి తీసుకెళ్ళారు నన్ను. గాలివానకి మిగిలిన నాలుగు కాయలు చెట్లకి వేలాడుతున్నాయి. చెట్టు కింద నిలబడి పైకి చూస్తే, ఆకు వెనక ఆకు, దాని వెనక కొమ్మ, కొమ్మకీ కాయకీ మధ్య ఖాళీ. మెడ నొప్పెట్టేదాకా అలాగే చూశాను.

వానాకాలం మొదలయ్యాక అద్దం తిరిగిచ్చేశాం. దాంతో పాటు గడ్డిబుట్టలో చిన్నరసాలు పట్టుకెళ్ళింది అత్త. అమ్మ తమ్ముణ్ణి తీసుకుని వచ్చింది, నా ముఖం చూసి ఏడ్చింది. కన్ను పూర్తిగా తిన్నబడటానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఇప్పటికీ బాగా అలిసిపోతే కొంచెం లోపలికి తిరుగుతుంది. బళ్ళో నా పేరు నాకు తిరిగొచ్చింది. మరుసటి వేసవి మొదటి గంప తెచ్చి అత్త ముందు పెట్టబోతే, నాన్న వద్దన్నాడు. "అక్కని ఇంక దానికి పిలవకండి" అన్నాడు. నానమ్మ చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

ఆ షెడ్డు లేదు. నాన్న, నానమ్మ పోయారు. ఆ తోటల్లో చాలామటుకు కొట్టేసి పామాయిల్ వేశారు. అటు వెళ్ళాలంటే నాకిప్పుడు మనసొప్పదు, ఓపికా లేదు. ఆ వేసవి కష్టమంతా నా కంట్లో ఉండిపోయింది, ఆవిడకి ఏం మిగిలిందని ఎప్పుడైనా అనుకుంటాను.

అత్త చాలాకాలం బతికింది. చివర్లో చూపు మందగించి గోడలు పట్టుకుని నడుస్తుంటే, శుక్లాలు తీయించడానికి నేనే తీసుకెళ్ళాను. పెద్ద ఆస్పత్రి, కుర్ర డాక్టరు. ఏవేవో మెషీన్లలో చూసి, ఒక కంటికి ఆపరేషన్ చేస్తే లాభం లేదన్నాడు. "అమ్మమ్మా, ఈ కన్ను మీ చిన్నప్పుడే చూడటం మానేసింది. అప్పట్లో ఎవరైనా డాక్టరుకి చూపించి ఉంటే బాగుపడేది. ఎందుకు చూపించలేదు?"

అత్త అతని గొంతు వచ్చినవైపు ముఖం తిప్పింది.

"అప్పటికి మా ఇంట్లో అత్త ఎవరూ లేరు బాబూ" అంది.

అతనికి అర్థం కాలేదు. కంప్యూటర్లో ఏదో రాసుకుని, తరవాతి పేషెంటుని పిలిచాడు.